అలమరా నిండా సామానే, అయినా గిటార్లు ఆగిపోతున్నాయి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు, షాపు ఉన్న వీధి పేరు కూడా వద్దన్నారు. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు. ఆయన భయం నాకు అర్థమైంది.

ఆయనకి ముప్పై నాలుగేళ్లు. తండ్రి హార్మోనియంలు, తబలాలు బాగుచేసేవారు. ఆ పని చూస్తూ పెరిగి 2016లో సొంతంగా గిటార్ రిపేరు షాపు పెట్టారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా, కొండల మీంచి వచ్చేవాళ్లతో పని జరిగేంత సవర భాష వచ్చు. గిరాకీకి లోటు లేదు. గుమ్మ, నువాగడ, మోహన వైపు ఊళ్లలో చర్చిలు ఎక్కువ, ఆదివారం పాటకు గిటారు కావాలి. ఇటు పాతపట్నం నుంచి కాలేజీ కుర్రాళ్లు వస్తారు, పూజల రోజుల్లో ఆర్కెస్ట్రా వాళ్లు వస్తారు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచేసినప్పుడు రోడ్లు తెగాయి, కొరియర్లు ఆగాయి. ఈయన దగ్గర తీగలు అయిపోయాయి. ఏడు చర్చి గిటార్లు షాపులోనే ఉండిపోయాయి. "ఒక పాస్టరు గారు గిటారు తీసుకెళ్దామని కొండ దిగి నడిచి వచ్చారు. గోడకి వేలాడుతున్న గిటారు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది" అని రాశారు. అప్పటి నుంచి చేతికి దొరికిన పార్టునల్లా కొనడం మొదలుపెట్టారు.

ఇప్పుడు అలమరాలో లక్షా నలభై వేల సరుకు ఉంది. అయినా పదకొండు గిటార్లు కావలసిన పార్టు లేక ఆగిపోయి ఉన్నాయి. భార్య గాజులు అరవై వేలకి తాకట్టులో ఉన్నాయి. "నా గాజులు పెట్టి తీగలు కొన్నారు, ఆ తీగలు తుప్పు పడుతున్నాయి" అని ఆవిడ ఒక రాత్రి అన్న మాట ఆయనకి నిద్ర పట్టనివ్వడం లేదు. షాపులో సాయంగా పిన్ని కొడుకు ఉన్నాడు, ఇరవై ఏళ్ల కుర్రాడు. తీగలు లెక్కకి తగ్గుతున్నాయి, వాడే స్నేహితులకి ఇస్తున్నాడేమోనని ఈయనకి అనుమానం. ఇవన్నీ ఇలా ఉండగా కలకత్తా హోల్‌సేల్ షాపు నుంచి ఫోన్ వచ్చింది. దీపావళి లోపల తీసుకుంటే యాభై వేల సరుకు నలభై రెండున్నర వేలకే ఇస్తామన్నారు. దానికోసం మిగిలిన గొలుసు కూడా పెట్టమని భార్యని అడగాలా వద్దా? తమ్ముణ్ణి మాన్పించాలా? అసలు తనకి ఈ వ్యాపారం చేతకాదా? ఇవీ ఆయన ప్రశ్నలు. ఉత్తరంతో పాటు జులై నుంచి సెప్టెంబరు దాకా రిపేరు పుస్తకం పేజీలు జిరాక్స్ తీసి పంపారు.

తమ్ముడూ,

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. మూడు నెలల్లో నూట పద్దెనిమిది గిటార్లు మీ దగ్గరకి వచ్చాయి. పని చేతకాని చోటికి అంతమంది రారు. మీ చేతిలో పని ఉంది. తప్పు అలమరాలో ఉంది, అది సరిదిద్దుకోగలిగిన తప్పు.

నా గురించి రెండు ముక్కలు చెబితే ఈ మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మీకు తెలుస్తుంది. రాయగడలో మా ఆయన, నేను ఇరవై రెండేళ్లు కుట్టుమిషన్ల రిపేరు షాపు నడిపాం. ఆయన మిషన్ విప్పేవారు, నేను సామాను చూసేదాన్ని. ఒకసారి ఒక డీలరు చవకగా వస్తోందని చెబితే మోటారు మిషన్ల సూదులు పెట్టెడు కొన్నాం. మాకు వచ్చేవన్నీ ఇంట్లో తొక్కే మిషన్లు. ఆ సూది కాడ గుండ్రం, మా మిషన్లకి కావలసింది ఒక పక్క చదునుగా ఉండే కాడ. నాలుగేళ్లు ఆ పెట్టె మా మంచం కిందే ఉంది. మరోపక్క పద్నాలుగో నంబరు సూది లేదని చెప్పి మనుషుల్ని వెనక్కి పంపిన రోజులున్నాయి. అందుకే మీ ఉత్తరం చదువుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు. గిటార్ సంగతులు నాకు తెలియనివి విశాఖలో ఈ పని చేసే ఒకాయన్ని అడిగి తెలుసుకున్నాను.

మీ రిపేరు పుస్తకం ముందేసుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. నూట పద్దెనిమిదిలో తీగల పని అరవై ఒకటి. తీగలు బిగించి శ్రుతి చేసే ట్యూనింగ్ కీల పని పంతొమ్మిది. డొల్ల మీద తీగలు కట్టే చెక్క, అంటే బ్రిడ్జి లేచిపోయినవి పద్నాలుగు. తీగలు ఆనే ముక్కలు, అంటే మెడ చివర ఉండే నట్, బ్రిడ్జి మీద ఉండే సాడిల్ పదకొండు. వైరు గుచ్చే జాక్, శబ్దం సర్దే ఈక్యూ తొమ్మిది. మెడ మీది లోహపు గీతలు, అంటే ఫ్రెట్లు మూడు. ఒకటి మెడ విరిగింది. మొత్తం మీద ఎలక్ట్రిక్ గిటార్లు నాలుగే నాలుగు.

ఇప్పుడు మీరు రాసిన అలమరా లెక్కని దీని పక్కనే ఉంచి చూడండి. ఎలక్ట్రిక్ గిటార్ సామాను, అంటే తీగ శబ్దాన్ని పట్టే పికప్పులు, వాల్యూం తిప్పే పాట్లు, స్విచ్చులు, ట్రెమొలో బ్రిడ్జీలు కలిపి యాభై రెండు వేలు. తీగల సెట్లు ముప్పై ఒక్క వేలు. కీలు పద్దెనిమిది వేలు. ఫ్రెట్ వైరు పద్నాలుగు వేలు. మిగతా చిల్లర సామాను పాతిక వేలు. ఎక్కువ డబ్బు పోసిన చోట పని లేదు. ఎక్కువ పని ఉన్న చోట సరైన ముక్క లేదు. మీరు కొనేటప్పుడు అలమరాలో ఏం లేదో చూసి కొంటున్నారు. రిపేరు పుస్తకంలో ఏం వచ్చిందో చూసి కొనలేదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే. మిగతాది దీన్ని పట్టుకుని అల్లుకుపోయేదే.

తీగల సంగతి కాస్త వివరంగా చూద్దాం, మీ ఇబ్బంది అంతా అందులోనే కనిపిస్తోంది. అరవై ఒక్క పనుల్లో ముప్పై ఎనిమిది ఒక్క తీగ తెగినవి, దాదాపు అన్నీ ఫస్ట్ స్ట్రింగే, అన్నిటికన్నా సన్నటి తీగ. మొత్తం సెట్టు మార్చినవి ఇరవై మూడు. మీ దగ్గర నూట యాభై ఐదు సెట్లున్నాయి. మూడు నెలలకి ఇరవై మూడు చొప్పున అవి ఇరవై నెలలు వస్తాయి. కానీ విడి ఫస్ట్ స్ట్రింగులు మీరు పాతిక కన్నా ఎక్కువ ఎప్పుడూ తెప్పించరు, అవి అయిపోతాయి. అప్పుడేం చేస్తారో మీరే రాశారు. కొత్త సెట్టు చింపి, అందులోంచి ఫస్ట్ స్ట్రింగు ఒక్కటి తీసి వేస్తారు. మిగిలిన అయిదు తీగల్నీ ఆ కాగితంలోనే చుట్టి అట్టపెట్టెలో పడేస్తారు. అలా చింపినవి ఇప్పటికి నలభై ఉన్నాయన్నారు.

ఆ అట్టపెట్టె మీకు కనబడినప్పుడల్లా బాధగా ఉంటుందని రాశారు. నాకైతే అందులో డబ్బు కనిపిస్తోంది. ఫస్ట్, సెకండ్ స్ట్రింగులు మామూలు స్టీలు తీగలే, వాటి మీద చుట్టు ఉండదు. ఏ కంపెనీ సెట్టుకైనా అదే మందం తీగ ఏ కంపెనీదైనా పనికొస్తుంది. విడి తీగ పదిహేను, ఇరవై రూపాయలని మీరే రాశారు. గేజీ అంటే తీగ మందం, పది గేజీవి, పదకొండు గేజీవి కలిపి వంద విడి తీగలు తెప్పిస్తే రెండు వేల లోపు అవుతుంది. అందులో నలభై, ఆ చింపిన నలభై సెట్లలోకి వెళతాయి. సెట్టు రెండు వందల చొప్పున వేసుకున్నా ఎనిమిది వేల సరుకు మళ్లీ లేచి కూర్చుంటుంది. పది గేజీ సెట్టులో పది, పదకొండు సెట్టులో పదకొండు పడేలా చూసుకోవడం మీకు చెప్పక్కర్లేదు. అయితే అయిదు తీగలకీ మెరుపు ఉందో లేదో వేలుతో నిమిరి చూడండి. గరుకు తగిలితే ఆ సెట్టు అమ్మకండి.

పదకొండు గిటార్లు ఎందుకు ఆగాయో చూస్తే ఆరు కీల కోసం ఆగాయి. మీ దగ్గర పద్దెనిమిది వేల కీలున్నాయి, అన్నీ పళ్లు లోపల మూసి ఉండే సీల్డ్ కీలు. చూడ్డానికి మెరుస్తూ బాగుంటాయి. వాటికి పది మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. కొండల నుంచి వచ్చే పాత గిటార్లకి పళ్లు బయటికి కనబడే ఓపెన్ కీలు ఉంటాయి, చాలా వాటికి ఒకే పట్టీ మీద మూడేసి. రంధ్రం సన్నం. పైగా రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం ఒక్కో గిటారుకి ఒక్కోలా ఉంటుంది. దీనికి రెండు దారులున్నాయి. రీమరుతో రంధ్రం పెద్దది చేసి మీ దగ్గరున్న సీల్డ్ కీలు బిగించడం ఒకటి. కొత్తగా కొనక్కర్లేదు, మూలుగుతున్న సరుకు కదులుతుంది, శ్రుతి కూడా బాగా నిలుస్తుంది. కానీ ఒకసారి పెద్దదయిన రంధ్రం మళ్లీ చిన్నది కాదు. పాత మరల గుర్తులు కనబడతాయి. తల దగ్గర చెక్క పల్చగా, పగుళ్లతో ఉంటే అసలు ముట్టుకోకూడదు. గిటారు యజమానికి ముందే చెప్పి, ఒప్పుకున్న తర్వాతే చెయ్యాలి. రెండోది, గిటారు వచ్చిన రోజే స్కేలు పెట్టి రంధ్రాల మధ్య దూరం కొలిచి పుస్తకంలో రాసుకోవడం. ఆరు గిటార్లు కొలిస్తే బహుశా రెండు మూడు కొలతలే తేలతాయి. ఆ కొలతల పట్టీలు నాలుగేసి జతలు తెప్పించుకోవచ్చు. డబ్బు పడుతుంది, కానీ పాత గిటారు పాతగానే ఉంటుంది. చర్చికి ఎవరో దానమిచ్చిన గిటారయితే వాళ్లకి అదే ఇష్టం కావచ్చు.

మిగిలిన అయిదింట్లో మూడు ఈక్యూల కోసం, రెండు సాడిల్ కోసం ఆగాయి. సాడిల్, నట్ విషయంలో నాకో ఆలోచన తోచింది, వీలైతే చూడండి. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. దువ్వెనలు, కొంగ బొమ్మలు చెక్కే ఆ చేతులకి నట్‌కి నలభై అయిదు మిల్లీమీటర్ల పొడవు, ఆరు మిల్లీమీటర్ల మందం ముక్క, సాడిల్‌కి ఇంకా పొడవుగా, పల్చగా ఉండే ముక్క కోసివ్వడం ఎంత పని? కొమ్ము ఎముకంత గట్టిది కాదు, తీగ గాడి త్వరగా అరుగుతుంది. అందుకని ఖరీదైన గిటార్లకి ఎముక ముక్కే వేసి, మామూలు వాటికి, ప్లాస్టిక్ నట్ పగిలిన వాటికి ఇది వాడొచ్చు. మూడు వీధుల అవతల దొరికే వస్తువు కోసం పదిహేను రోజులు కొరియర్ వైపు చూడక్కర్లేదు.

ఇక కలకత్తా సరుకు సంగతి. యాభై వేలది నలభై రెండున్నరకి అంటే ఏడు వేల అయిదు వందలు మిగులుతున్నట్టు కనిపిస్తుంది. నూటికి రూపాయి వడ్డీ చొప్పున గొలుసు పెడితే నెలకి నాలుగు వందల పాతిక, ఏడాదికి అయిదు వేల వంద. మిగిలేది రెండు వేల నాలుగు వందలు. అదైనా సరుకంతా ఏడాదిలో అమ్ముడైతేనే. అందులో పావు వంతు అలమరాలోనే ఉండిపోతే పదివేలకి పైగా చిక్కుకుంటుంది. పైగా ఆ లిస్టు వాళ్లు రాసింది, వాళ్ల దగ్గర ఏది ఎక్కువుంటే అది. మీ రిపేరు పుస్తకం వాళ్లు చూడలేదు కదా.

అలాగని కొనొద్దని నేను చెప్పను. క్రిస్మస్ వస్తోంది, నవంబరు, డిసెంబరు మీకు రెట్టింపు పని. మూడు రకాలుగా వెళ్లొచ్చు. మొత్తం తీసుకుంటే క్రిస్మస్ గడిచేదాకా ధైర్యంగా ఉంటుంది, జనవరి నుంచి వడ్డీ భారం మొదలవుతుంది, ఇంట్లో మాట పెరుగుతుంది. అసలు తీసుకోకపోతే గొలుసు క్షేమం, కానీ విడి తీగలు, ఓపెన్ కీలు లేక మళ్లీ 2018 నాటి పరిస్థితే వస్తుందేమోనన్న టెన్షన్ మిమ్మల్ని వదలదు. మధ్యలో ఇంకో దారి ఉంది. ఆ షాపువాళ్లకే ఫోన్ చేసి, నా లిస్టు ప్రకారం పది పన్నెండు వేల సరుకు తీసుకుంటాను, ఎంత తగ్గిస్తారని అడగండి. పదిహేను శాతం ఇవ్వరు. అయిదో ఆరో ఇస్తే చాలు. గొలుసు ముట్టుకోకుండా, చింపిన సెట్లు బాగుచేసి అమ్మగా వచ్చిన డబ్బుతోనే చాలావరకు సరిపోతుంది. నేనైతే ఇటే మొగ్గుతాను. కానీ మీ ఇంటి పరిస్థితి నాకు పూర్తిగా తెలియదు, నిర్ణయం మీ ఇద్దరిదీ.

ఇప్పుడు ఉన్న సరుకు. ఏది ఆగితే పాడవుతుంది, ఏది ఆగినా పాడవదు అన్నది ముందు విడదీయండి. ఫ్రెట్ వైరు నికెల్ సిల్వర్, తుప్పు పట్టదు, పదేళ్లయినా అలాగే ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి. చుట్ట చుట్టి అడుగు అరలో పెట్టెయ్యండి. తీగలు అలా కావు. మీ దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తడే. సీలు లేని కాగితపు కవర్లలో ఉన్న సెట్లని గట్టి మూత డబ్బాలోకి మార్చి, తడి పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, అన్నిటికన్నా ముందు అవే వాడండి. సూపర్ గ్లూ గడ్డకడుతుంది, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కారతాయి. ఈ రెండూ ఎప్పుడూ నెలకి సరిపడా మించి ఉంచకండి. చెక్క జిగురు డబ్బా మీద కొన్న తేదీ రాయండి. రెండేళ్లు దాటినది చెక్క ముక్కల మీద అతికించి చూడకుండా బ్రిడ్జికి వాడొద్దు. అసలు బ్రిడ్జి లేచిన ఆ పద్నాలుగు పనులకి పార్టు ఏదీ అక్కర్లేదని గమనించారా? మంచి జిగురు, బిగించి పట్టే క్లాంపులు, ఒకరోజు ఓపిక చాలు. మీకు బాగా మిగిలే పని అది.

యాభై రెండు వేల ఎలక్ట్రిక్ సామాను దగ్గర మీకు బాధ తప్పదు. పెట్టిన ధరకి అమ్ముడుపోదు. బరంపురం, విశాఖలో ఎలక్ట్రిక్ గిటార్లు ఎక్కువ చూసేవాళ్లని అడిగితే సగానికి తీసుకుంటారేమో. సగానికి ఇచ్చినా పాతిక వేలు పైన వస్తుంది, గాజుల అప్పులో నలభై శాతం తీరుతుంది. నష్టం మాత్రం అక్కడికక్కడే కళ్లకి కడుతుంది. ఉంచుకుంటే నష్టం కనబడదు, వడ్డీ రూపంలో నెలనెలా పోతుంది. మా సూదుల పెట్టె అలాగే ఉంచుకున్నాం. అమ్మితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మా ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఎవరికో ఊరికే ఇచ్చేశాం. పెట్టిన డబ్బు పోయింది, అది ఎటూ వెనక్కి రాదు. ఈ రోజు ఆ వస్తువు మీకు ఎంత ఉపయోగం అన్నదొక్కటే లెక్క. నలుగురు ఎలక్ట్రిక్ గిటార్ల వాళ్ల కోసం రెండు వాల్యూం పాట్లు, రెండు జాక్‌లు, ఒక స్విచ్చు ఉంచుకుని మిగతాది వదిలించుకోవడం గురించి ఆలోచించండి. ఖరీదైన పికప్పు, ఈక్యూ వంటివి కావాలన్నవాళ్ల దగ్గర సగం డబ్బు ముందు తీసుకుని తెప్పించండి. కొందరు అడ్వాన్సు అనగానే వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

రోజువారీ పద్ధతి ఎలా అని అడిగారు. కంప్యూటరు, యాప్ కొనాలా అన్నారు. మీ షాపుకి అవసరం లేదనుకుంటాను. బాగా కదిలే పది పన్నెండు రకాలకి రెండేసి డబ్బాలు పెట్టండి. ముందు డబ్బాలోంచి వాడతారు. వెనక డబ్బాకి టేపు వేసి ఉంచుతారు. ముందుది ఖాళీ అయి వెనకదాని టేపు తీసిన రోజే ఆర్డరు వెయ్యాలి. వెనక డబ్బాలో ఎన్ని ఉండాలో ఇలా చూడండి. ఫస్ట్ స్ట్రింగులు వారానికి మూడు పోతున్నాయి. కొరియర్ మామూలుగా వారం, వానల్లో రెండు వారాలు. రెండు వారాలకి ఆరు, దానికి అంతే ధైర్యానికి కలిపి పన్నెండు. నవంబరు రాగానే పాతిక చెయ్యండి. పాతపట్నంలో అత్తవారింటి అడ్రసుకి తెప్పిస్తే రెండు రోజులు ముందే అందుతోందని రాశారు కదా, మరి అదే శాశ్వతంగా చేసుకోండి. మీ తుపాను భయాన్ని నేను కొట్టిపారెయ్యను, అది నిజంగా జరిగింది. కానీ ఆ భయానికి లక్షా నలభై వేలు అక్కర్లేదు. తీగలు, ఓపెన్ కీలు, తీగల్ని బ్రిడ్జిలో నిలిపే పిన్నులు, జిగురు నెలన్నరకి సరిపడా అక్టోబరు మొదట్లోనే ఉంటే చాలు. ఈ లెక్కన అది ఎనిమిది, తొమ్మిది వేలు దాటదు.

డబ్బాల మీద పేర్లు రాసే గొడవ మీకు ప్రత్యేకంగా ఉంది. మీరు తెలుగులో రాస్తారు, మీ తమ్ముడికి ఒడియా తప్ప చదవడం రాదు, బిల్లులు ఇంగ్లీషులో వస్తాయి. దాంతో మూడు డబ్బాల్లో ఒకే రకం పిన్నులు ఉన్నాయని రాశారు. పేరు రాయడం మానెయ్యండి. ప్రతి డబ్బా మూత మీద ఆ వస్తువే ఒకటి అతికించండి. పిన్నయితే పిన్ను, కీ అయితే కీ, తీగయితే రెండంగుళాల ముక్క. కింద ఒక నంబరు. పుస్తకంలో కూడా ఆ నంబరే. మీరు లేనప్పుడు తమ్ముడు మూత మీది పిన్ను పక్కన గిటారు పిన్ను పెట్టి చూస్తాడు, వాలు ఒకటేనా కాదా తెలిసిపోతుంది.

మీ తమ్ముడి మాటకొద్దాం. మీ ఉత్తరం మూడో పేజీలో వాడి మీద అనుమానం రాశారు. అయిదో పేజీలో, సంత రోజు తొందరలో నేను కూడా రాయకుండానే తీసేస్తాను అని మీరే రాశారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. లెక్క లేని చోట దొంగతనం జరిగిందని చెప్పలేం, జరగలేదనీ చెప్పలేం. ఇప్పుడు మాన్పిస్తే పిన్నితో మాటలు పోతాయి, పెళ్లిళ్లలో మొహం తిప్పుకోవలసి వస్తుంది, తర్వాత తప్పు వాడిది కాదని తేలితే ఆ మాట వెనక్కి తీసుకోలేరు. ఏమీ అనకుండా ఊరుకుంటే అనుమానం పెరుగుతుంది, వాడితో మీ గొంతు మారుతుంది, వాడికది తెలుస్తుంది. రెండు డబ్బాల పద్ధతి మొదలుపెట్టి ప్రతి శనివారం సాయంత్రం ఇద్దరూ కలిసి అరగంట లెక్కపెట్టండి. మీరు తీసింది మీరు రాయండి, వాడు తీసింది వాడు రాస్తాడు. ఎవరినీ నిందించక్కర్లేదు. రెండు నెలలు చూస్తే తెలిసిపోతుంది. స్నేహితులకి ఇస్తున్నాడనే తేలితే, నెలకి రెండు సెట్లు నీ లెక్కలో తీసుకో, ఆపైన జీతంలో పట్టుకుంటాను అని చెప్పే వీలుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు నలుగురిలో తన షాపని చెప్పుకుని ఒక తీగ ఇస్తే అది వేరే సంగతి, అమ్ముకుంటే వేరే సంగతి. ఆ తేడా మీకు తెలుస్తుంది.

మీ ఆవిడ గురించి మీరు రాసిన చోట ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మిషన్ శక్తి పొదుపు సంఘంలో అయిదేళ్లుగా లెక్కల పుస్తకం ఆవిడే రాస్తున్నారట. పన్నెండు మంది ఆడవాళ్ల పొదుపు, అప్పు, వడ్డీ పైసా తేడా రాకుండా చూస్తున్న మనిషి ఇంట్లో ఉండగా మీరు సరుకు లెక్క తెలియక నిద్ర పోవడం లేదు. ఆవిణ్ణి పిలవాలంటే మొహమాటంగా ఉందని కూడా రాశారు. అలమరా తలుపు తీస్తే ఎంత డబ్బు చిక్కుకుందో చూస్తుందని భయం. తమ్ముడూ, ఆవిడ చూసే ఉన్నారు. లేకపోతే తుప్పు మాట అనరు. ఆవిడ గాజుల మీద కోపంతో అన్నారని మీరనుకుంటున్నారు. నాకు అందులో సరుకు పాడవుతోందన్న బాధ కూడా వినిపించింది.

నెలకోసారి లెక్క చూడమని అడగొచ్చు. ఆర్డర్లు కూడా ఆవిడ చేతిలోనే పెట్టొచ్చు. ఆవిడకి ఇంటి పని, సంఘం పని ఉన్నాయి, అది కూడా తలకెత్తుకోవడం ఇష్టమో కాదో ఆవిడనే అడగాలి. ఇష్టం లేదంటే రిపేరు పుస్తకం చూపించడమైనా చెయ్యండి. నేను షాపు సామాను చూసిన ఇరవై రెండేళ్లలో మా ఆయనకి నేను నేర్పిందేమీ లేదు. ఈ నెల ఎన్ని బాబిన్లు పోయాయో చెప్పేదాన్ని, అంతే. దాంతో ఆయన కొనే చెయ్యి కాస్త ఆగేది. గాజులు విడిపించడానికి ఒక తేదీ ఇద్దరూ కూర్చుని అనుకోండి. ఎలక్ట్రిక్ సామాను అమ్మితే సంక్రాంతికి సగం తీరుతుందేమో, అమ్మకపోతే వచ్చే ఏడాది వానలదాకా పడుతుందేమో. ఏ తేదీ అయినా ఆవిడకి చెప్పి పెట్టుకున్న తేదీ అయితే ఆవిడ ఎదురుచూసే తీరు మారుతుంది.

ఆ పాస్టరు గారి సంగతి మీరు ఉత్తరంలో మూడుసార్లు తెచ్చారు. ఇంత సరుకు కొన్నది ఆయన మొహం మళ్లీ అలా చూడకూడదనే అని నాకనిపించింది. దానికి పార్టులే మందు కాకపోవచ్చు. మీ షాపులో ఎవరూ తీసుకెళ్లకుండా వదిలేసిన గిటార్లు అయిదారు ఉన్నాయన్నారు, కొన్నిటికి మెడ బాగుంది, కొన్నిటికి బాడీ బాగుంది. వాటి యజమానులకి కబురు పెట్టి, వద్దన్నవాటిలోంచి రెండు గిటార్లు కుదుర్చుకోండి. మీ దగ్గర మూలుగుతున్న సీల్డ్ కీలు వాటికి వెయ్యండి. పని ఆలస్యమైనప్పుడు ఆదివారం వాడుకోమని అవి ఇచ్చి పంపొచ్చు. తిరిగి రాకపోయే భయం కొంచెం ఉంటుంది, పుస్తకంలో పేరు, ఊరు రాసుకుంటే చాలావరకు వస్తాయి. బస్సు ఖర్చులు పెట్టుకుని కొండ దిగి వచ్చిన మనిషి ఖాళీ చేతులతో వెళ్లకపోవడం ముఖ్యం.

ఈ పదకొండు గిటార్ల యజమానులకి మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఫోన్ చెయ్యండి. ఏ పార్టు రావాలో, ఎన్నాళ్లు పడుతుందో, వానలు పడితే ఇంకెన్నాళ్లో ఉన్నదున్నట్టు చెప్పండి. కీల కోసం ఆగిన ఆరుగురితో రంధ్రం పెద్దది చెయ్యమంటారా, పాత రకం తెప్పించమంటారా అని అడగండి. ఫోన్ అందని ఊళ్లకి, సంతకి వచ్చేవాళ్ల చేత కబురు పంపండి. మోహన నుంచి వచ్చిన గిటారు ఆగస్టు నుంచి మీ గోడకే ఉందని రాశారు. మొదటి ఫోన్ వాళ్లకే చెయ్యండి.